నూజివీడు మగవాళ్ళ సంతకాలు

బెజవాడ, 2-3-1966

నూజివీడు మహిళా మండలి అధ్యక్షురాలు తులసమ్మ గారికి,

నమస్కారాలు. గర్భస్రావానికి చట్టం అనుమతి ఇవ్వాలా అని సర్కారు అడిగితే మన మండలులన్నీ "ఇవ్వాలి" అన్నాయి. మీరొక్కరే "వద్దు" అన్నారు. స్త్రీ హక్కులంటూ ఇదేం మాటండీ? ఇరవయ్యో తేదీ సభలోగా మార్చకపోతే మిమ్మల్ని సమాఖ్య నుంచి తీసేయాల్సి వస్తుంది.

ఇట్లు,
పుష్పావతి, సమాఖ్య కార్యదర్శి

తా.క.: ఆ జవాబు మీ వారు చెప్పి రాయించారా?

నూజివీడు, 6-3-1966

సౌభాగ్యవతి పుష్పావతి గారికి తులసమ్మ రాయునది. ఇక్కడ క్షేమం.

కడుపులో పడ్డదాన్ని తీసేయమనడానికి నాకు నోరు రాదమ్మా, రోజూ దేవుడి ముందు నిలబడేదాన్ని. అలాగని "కనేయ్" అని చెప్పి మన దారిన మనం పోతే అదీ పాపమే. అందుకే రెండో తీర్మానం చేశాం. మా మామిడితోటల పద్ధతే. పూత చూసి తోట కౌలుకి తీసుకున్నవాడు కాయ దిగేదాకా అక్కడే కాపలా ఉంటాడు కదా. అలాగే తండ్రయినవాడు బిడ్డకి మూడేళ్ళు నిండేదాకా ఉయ్యాల పక్కనే పడుకోవాలి. గుడ్డలు ఉతకాలి. పేకాట బంద్. దీన్నీ చట్టంలో చేర్పించండి. మమ్మల్ని తీసేయకండి. ఇక్కడ అరవై మంది ఆడవాళ్ళు గడప దాటేది ఈ మండలి పేరు చెప్పుకునే.

ఉంటాను,
తులసమ్మ

తా.క.: మా వారు రాయించలేదు. చదివాక మాత్రం మంచినీళ్ళు అడిగారు.

బెజవాడ, 12-3-1966

తులసమ్మ గారికి నమస్తే.

మీ ఊరి నుంచి నలభై ఒక్కమంది మగవాళ్ళ అర్జీ వచ్చింది! "ఆడదాని ఒంటి మీద హక్కు ఆడదానిదే. గర్భస్రావ చట్టం వెంటనే తేవాలి" అట. మొదటి సంతకం మీ వారు కృష్ణమూర్తి గారిదే. ఇంత అభ్యుదయవాదిని ఇంట్లో పెట్టుకుని మీరేంటండీ! సభలో ఆయనకి సన్మానం చేస్తున్నాం.

పుష్పావతి

తా.క.: మీరు ఆయన్ని బెదిరిస్తున్నారా? నిజం చెప్పండి.

నూజివీడు, 15-3-1966

పుష్పావతి గారికి తులసమ్మ ఆశీస్సులు.

సన్మానం ఆపు తల్లీ. వాళ్ళంతా సంతకం పెట్టింది రెండో తీర్మానం చదివాక. మొన్నటిదాకా నన్ను ఒక్కదాన్నే మైలవరం బస్సెక్కనివ్వని మనిషి, ఇప్పుడు అన్నం ముందు కూర్చుని "స్త్రీ స్వేచ్ఛ, స్త్రీ స్వేచ్ఛ" అంటున్నారు. ఆయనకి యాభై ఎనిమిది. "మనకింక పిల్లలేంటండీ?" అంటే, "పాత పిల్లలకి కూడా వర్తింపజేస్తారేమోనే" అని భయం.

మా మండలిలోని బసవమ్మ ఆరోసారి నెల తప్పింది. "అక్కా, నాకు చట్టం కావాలి" అని నా మొహం మీదే చెప్పింది. అదీ రాసి పంపుతున్నా, దాచను.

తులసమ్మ

తా.క.: ఆమె మొగుడు పున్నయ్య ఐదోవాడి ఉయ్యాల ఊపుతుంటే కిటికీలోంచి చూశాను. తలుపు గడియేసుకుని మరీ ఊపుతున్నాడు.

బెజవాడ, 21-3-1966

అక్కయ్య గారికి,

సభలో మూడు గంటలు పోట్లాడుకున్నాం. చట్టం కావాలనే పంపాం. మీ "వద్దు", బసవమ్మ "కావాలి" రెండూ జతచేశాం. ఆ విషయంలో మీ మాట నేనిప్పటికీ ఒప్పుకోను. రెండో తీర్మానానికి మాత్రం చెయ్యెత్తని మనిషి లేదు. అది రాసినవాళ్ళని తీసేయడానికి నాకే మొహం చెల్లలేదు. మీ మండలి ఉంది.

మీ చెల్లెలు,
పుష్పావతి

తా.క.: ఎవరికీ చెప్పకండి. నలభై మూడేళ్ళకి నాకు నాలుగో నెల. వద్దనుకునే వీలుండాలన్నాను గాని, నేను వద్దనుకోలేదు. మా వారికి నిన్న చెప్పాను. ఇవాళ ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు ఫైలు తీస్తే, మీ మగవాళ్ళ అర్జీ కింద నలభై రెండో సంతకం ఉంది. ఇంకా సిరా ఆరలేదు.