రాయికి తోడు

మంగళవారం, రాత్రి

ఈరోజు ఖర్చులు రాయబుద్ధి కాలేదు. ఇదే రాస్తాను.

సాయంత్రం ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతూనే, కింద ఎదురుచూస్తున్న నన్ను చూసి, మా ఇంట్లో ఉండే మేనకోడలు శ్రావణి అరిచింది. "మామా, సున్నా ఒచ్చింది!"

మూడేళ్లుగా ఆమె యూనివర్సిటీలో ఒక స్ఫటికంతో తంటాలు పడుతోంది. ఇంట్లో మేం దాన్ని రాయి అంటాం. దాని లోపల కరెంటు పోదు, పైపొర మీదే పోతుంది. ఆ పైపొర మీద రెండు పలుచని లోహపు పట్టీలు పరిచి, గాలి కూడా గడ్డకట్టేంత చలిలో పెట్టింది. అంత చలిలో ఆ లోహం కరెంటుకు ఏ అడ్డూ చెప్పదు. ఈరోజు పట్టీల నడుమ ఖాళీగా ఉన్న రాయి కూడా అడ్డు చెప్పలేదట, అడ్డు కొలిస్తే సున్నా అట. లోహం తన గుణాన్ని పక్కనున్న రాయికి అంటించింది!

అన్నం దగ్గర సుజాతకు చెప్పాను. "పాలల్ల తోడు ఏసినట్టే."

"అయితే తోడు తీసేస్తే పెరుగు మళ్ల పాలైతదా?" అంది నా భార్య.

శ్రావణి పకపకా నవ్వింది. "ఈడ అయితది అత్తా! లోహం తీసేస్తే రాయి మళ్ల ఉత్త రాయే."

సాయంత్రం నుంచీ తప్పు పోలికతో మురిసిపోయానన్నమాట. అయినా సంతోషం తగ్గలేదు.

ఒకటే గుబులు. రెండో రాయి మీద మళ్లీ సున్నా రాకపోతే ఎవరూ నమ్మరు. పరిశోధన మానేసి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతానని పోయిన వారమే మాటిచ్చింది. రేపు చేరాలి.

"రానని చెప్పెయ్యనా మామా?"

"రెండోది చూసినంక చెప్పు. అందాక గడువడుగు" అన్నాను. తలూపింది.

ఇప్పుడు పక్కగదిలోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. "సారీ సార్, నేను రాలేను. ఇక్కడ పనుంది."

లేచి ఆపాలనిపించలేదు...