ఎల్లుండి చెరువు దగ్గర

శుక్రవారం, రాత్రి

సాయంత్రం పప్పు కడుగుతుంటే చెల్లి సుజాత పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"అక్కా, ఎల్లుండి రమేశూ నేనూ లగ్గం చేసుకుంటున్నం. గుట్టల మీది చెరువు కాడ. ఇంకెవ్వరికీ చెప్పలే."

రమేశ్ సారపాకలో దానితో కలిసి పనిచేసే కోయ అబ్బాయి. మంచివాడే. కానీ తమ్ముడికి తెలిస్తే కులం కాదని దాన్ని గదిలో పెట్టి తాళం వేస్తాడు.

"పందిరి? తలంబ్రాలు?" అన్నాను.

"ఆళ్ళ పద్ధతిల పెద్దోళ్ళు మా మీద నీళ్ళు పోస్తరు. మన దిక్కు నువ్వే పొయ్యాలె. గాబరాపడకు, తడిసేది మేమే," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వస్తానని కూడా అనలేదు.

అంతలో తమ్ముడి ఫోన్. "ఆదివారం వస్తున్న అక్కా. సుజాత ఇంట్లనే ఉంటదా?"

"ఉండదురా. నాతోని భద్రాచలం వస్తది," అన్నాను.

ఇన్నేళ్ళలో వాడితో ఒక్క అబద్ధం ఆడలేదు. ఇంత సులువుగా ఎలా వచ్చిందో! ఫోన్ పెట్టేశాక చేత్తో నోరు మూసుకున్నాను. సుజాత పప్పు గిన్నె తన ముందుకు లాక్కుని కడగసాగింది.

ఇందాక రాముడి పటం ముందు కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆదివారం వాన పడకుండా చూడమని మాత్రం అడిగి లేచాను.