నాలుగో సంతకం

గురువారం, మధ్యాహ్నం
బండి సర్వీసింగ్ షెడ్డులో, స్టూలు మీద

అక్కకి,

నీ తమ్ముడు వంగి నమస్కారం పెట్టి రాసేది. నిజంగానే వంగాను, ఈ స్టూలు అంత పొట్టిది. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. అమ్మకి కొత్త కళ్ళజోడు వచ్చింది. దాంతో ఇల్లంతా బూజు కనిపెట్టి నా ప్రాణం తీస్తోంది. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంటాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటని కంగారుపడకు. ఫోన్లో అయితే నేను ఒక ముక్క అనగానే నువ్వు పది అంటావు, వెనకనుంచి బావ ఇంకో ఐదు అందిస్తాడు. ఇందులో ఆఖరిదాకా నేనే మాట్లాడొచ్చు. పైగా ఈ కవర్లో నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటుంది. ముందు ఇదంతా చదివి, తర్వాత దాని జోలికి వెళ్ళు.

కొత్త ఫ్లాటు కాగితాలు చూసే పని నువ్వు నాకు అప్పజెప్పినప్పుడు బావ నవ్వాడని నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో గోడ దూకినవాడు, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా కూర్చోనివాడు దస్తావేజులు చూస్తాడా అనుకుని ఉంటాడు. నవ్వనీ. మిమ్మల్నేమో క్వార్టర్స్ ఖాళీ చెయ్యమన్నారు. దాచుకున్నదంతా ఆ మూడో అంతస్తు మూల ఫ్లాటుకే పోస్తున్నారు. రేపెవడో వచ్చి ఈ స్థలం నాది అంటే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోతారు? ఆ భయంతోనే తిరిగాను. చూసింది లాయరమ్మ, చదివింది నేను.

ఆవిడ పద్ధతే అంత. కాగితాలు తను ముట్టదు, వచ్చినవాడి చేత పైకి చదివిస్తుంది. కళ్ళతో అయితే తెలిసిన మాట దాటేస్తాం, నోటితో అయితే ఏదీ దాటదు అంటుంది. నేను దేనికి భయపడి బడి మానేశానో అది నన్ను వెతుక్కుంటూ వచ్చి నెత్తిన కూర్చుంది. నేను 'సదరు', 'యావత్తు' దగ్గర తడబడినప్పుడల్లా కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ మొదట్నుంచి చదువు నాయనా అనేది. గొంతు పోయింది.

మున్సిపాలిటీ వాళ్ళు ఆమోదించిన ప్లాను నా చేతికిచ్చి, కట్టింది దీనిలాగే ఉందో లేదో చూసి రమ్మంది. అంతస్తులు లెక్కపెట్టాను, మెట్లు టేపుతో కొలిచాను. వాచ్‌మన్ నన్నెవరో ఆఫీసరనుకుని కుర్చీ వేశాడు. నీళ్ళ ఫిల్టర్లు బాగుచేసే కుర్రాడినని తెలిశాక ఆ కుర్చీ తీసేశాడు. ప్లాను సరిగ్గానే ఉంది. స్థలం మీద తనఖాలూ లేవు. ఇంకేం, పార్టీ ఇవ్వండి లాయరమ్మా అన్నాను. నోర్మూసుకుని ఆ వారసుల సర్టిఫికెట్ చదువు అంది.

చదివాను. ఆ స్థలం ఒక కలప కొట్టు పెద్దాయనది. ఆయన పోయాక వారసులు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. ఆ బిల్డింగ్ కట్టమని బిల్డరుకి రాసిచ్చిన అగ్రిమెంటులో మాత్రం ముగ్గురు కొడుకుల సంతకాలే ఉన్నాయి. లాయరమ్మ అప్పుడు ముందుకి వంగింది. కూతురేదీ అంది.

బిల్డరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు కదా, అప్పుడూ నవ్వాడు. ఆవిడ నోటిమాటగా వదిలేసిందిలేవోయ్ అన్నాడు. మీ ఫ్లాట్లు కూడా నోటిమాటగా ఇచ్చేస్తారా సార్ అన్నాను. నవ్వు ఆగింది. పెద్దన్నగారిని అడిగితే, దాన్ని నర్సింగ్ చదివించాం, అదే దాని వాటా అన్నాడు. ఆ సంగతి ఆవిడకి చెప్పారా అంటే ఆ మాత్రం తెలియదా, చెప్పాలేంటి అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఒకే ఊళ్ళో ఉండి ఇద్దరికీ మాటల్లేవు.

ఆవిడ్ని పట్టుకున్నాను. రిటైరైన హెడ్ నర్సు. టైలర్ షాపు పైన ఒక గదిలో అద్దెకుంటోంది. కింద మిషన్లు ఆడుతుంటే పైన గ్లాసులో నీళ్ళు వణుకుతుంటాయి. నన్ను చూడగానే, ముందు చెప్పులు విప్పు, చేతులు కడుక్కో, తర్వాత మాట్లాడు అంది. మాట్లాడాను. అంతా విని, నా వాటా నాకు కావాలి అంది. అంతేకాదు, పార్కు వైపు మూల ఫ్లాటే కావాలని పట్టుబట్టింది. అంటే మీదే! హెడ్ నర్సు మాటకి ఎదురు చెప్పే మగాడెవడు? మొన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూడాలి నువ్వు. ముగ్గురు అన్నల్నీ వరుసలో నిలబెట్టింది. అన్నేళ్ళ తర్వాత పెద్దన్నతో మొదటి మాట ఏమందో తెలుసా? కాళ్ళు వాచాయి, ఉప్పు తగ్గించు అంది. ఆయన బయటికొచ్చాక ఆవిడకి గొడుగు పట్టాడు. ఎండ కూడా లేదు.

నాలుగో సంతకం పడింది. ఇప్పుడు టైటిల్ కడిగిన ముత్యంలా ఉందని లాయరమ్మే అంది. కాకపోతే మీకు రెండు చిన్న మార్పులు. రిజిస్ట్రేషన్ ఒక నెల ఆలస్యం. అందాకా అమ్మ దగ్గరికొచ్చి ఉండండి, నేను డాబా మీద పడుకుంటాను. రెండోది, మూల ఫ్లాటు బదులు అదే అంతస్తులో ఎదురుది, రోడ్డు వైపుది తీసుకుంటున్నట్టు నువ్వు సంతకం పెట్టాలి. అదీ మంచి ఫ్లాటే అక్కా! వంటింటి కిటికీలోంచి బస్టాప్ కనిపిస్తుంది. పిల్లలు బస్సు దిగి ఎవరితో కొట్టుకుంటున్నారో గరిటె పట్టుకునే చూడొచ్చు. పార్కులో ఏముంటుంది? చెట్లు. చెట్లు కొట్టుకోవు కదా.

బావకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. అమ్మ దీవెనలు పంపమంది, బూజు సంగతి రాయొద్దంది.

నీ
తమ్ముడు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. సంగతి చెప్పేస్తున్నాను.

ఆవిడ పట్టుబట్టలేదు. అసలేమీ అడగలేదు. మొదటిరోజే, పాపం మెట్లెక్కి వచ్చి అడిగావు, అదే చాలు, ఎక్కడ పెట్టాలో చూపించు అంది. ఊరికే వదులుకుంటున్నట్టు సంతకం పెట్టేయబోయింది. బిల్డరు ఇచ్చిన కాగితం నేనే వెనక్కి లాక్కున్నాను. ముందు లాయరమ్మని కలవండి, మీకేం వస్తుందో తెలుసుకుని అప్పుడు పెట్టండి అన్నాను. లేకపోతే మీ రిజిస్ట్రేషన్ ఈ నెలలోనే అయిపోయేది. నెల ఆలస్యం నా వల్లే.

స్థలానికి బదులు అన్నలకి రావాల్సిన ఫ్లాట్లలోంచి ఆవిడకి వచ్చింది ఆ రోడ్డు వైపు ఫ్లాటు. దస్తావేజులో రాసిందీ అదే. సంతోషంగానే ఉంది. చూపిద్దామని పైకి తీసుకెళ్ళినప్పుడు మూల ఫ్లాటు తలుపు తీసి ఉంటే ఆవిడ బాల్కనీలోకి వెళ్ళింది. ఇక్కడే నాన్న దుంగలు పేర్చేవాడు, వాటి మీద కూర్చునే పరీక్షలకి చదివాను అంది. కిందికి దిగేదాకా రైలింగు పట్టుకున్న చెయ్యి తుడుచుకోలేదు. చేతులు కడుక్కోమని నన్ను తరిమిన మనిషి!

అందుకని ఈ మార్పిడి కాగితం నేనే రాయించాను. ఆవిడకి ఈ సంగతే తెలియదు. బిల్డరుకి ఏదైనా ఒకటే. నిన్ను మాయ చేసి సంతకం పెట్టించేద్దామనే ఇంత రాశాను. కవరు అంటించాక, చెప్పకుండా చెల్లెలి వాటా తేల్చేసిన ఆ పెద్దన్న గుర్తొచ్చాడు. నాకూ ఆయనకీ తేడా ఏముంది?

నువ్వు కాగితం చింపేస్తే మూల ఫ్లాటు నీదే. ఆవిడ ఎదురింట్లో ఉంటుంది, నీ పిల్లల చేతులు కడిగిస్తుంది, ఎవరికీ ఏ లోటూ లేదు. ఎప్పుడూ ఈ మాట ఎత్తను, ఒట్టు. సంతకం పెడితే మాత్రం మూల ఫ్లాటు తాళాలు ఆవిడ చేతిలో పెట్టేటప్పుడు నువ్వే పెట్టాలి. నేను పక్కన నిలబడి, ఈవిడ మా అక్క అని చెప్తాను.