దండ వేసిన థంబ్‌నెయిల్

ప్రణవ్,

అక్కను. నువ్వు పోయి పద్నాలుగు నెలలు దాటింది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. రాసి ఎక్కడికి పంపను? కానీ ఈ నెల రోజుల్లో నీ గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పేజీలకు పేజీలు రాశారు. రాయనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకని కూర్చున్నాను.

ముందు వార్త చెప్తాను. నీ ‘ఉప్పు దీవి’ వచ్చేసింది రా. బొమ్మల్లో కాదు, మనుషులతో తీసింది. ఎనిమిది ఎపిసోడ్లు, అన్నీ ఒకే రోజు వదిలారు. పడవ నడిపే ఆ పిల్ల వేషం ఎవరో కొత్త అమ్మాయి వేసింది. ఇరవై ఏళ్లుంటాయేమో... అంతే.

హన్మకొండలో ఇంజనీరింగ్ చదివేటప్పటి నుంచి ఆ జపాన్ బొమ్మల సీరీస్‌ని, ఆ యానిమేని, నువ్వు ఎన్నిసార్లు చూశావో! నాకు పెళ్లి సంబంధం మాట్లాడుతున్న రోజు కూడా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఓ మూల అదే చూస్తూ కూర్చున్నావు. అలాంటిది, అది మనుషులతో వచ్చేసరికి నువ్వు లేవు.

జనం ఏమన్నారో చెప్పాలా? నీకు తెలియని జనమా? ఆ పిల్ల చెంప మీద మచ్చ ఎడమవైపు ఉండాలట, కుడివైపు పెట్టారట. జుట్టు బూడిదరంగు కాదు, తెల్లగా ఉందట. ఒకాయన బొమ్మలోని మొహాన్నీ ఈ అమ్మాయి మొహాన్నీ పక్కపక్కన పెట్టి ముక్కు కొలిచాడు. నిజంగా గీతలు గీసి కొలిచాడు రా! ముక్కు పెద్దదని తేల్చాక ఇక ఆ అమ్మాయిని అనని మాట లేదు. నాలుగో రోజుకి తను కామెంట్లు మూసేసుకుంది. ఆ తర్వాత అకౌంటే తీసేసింది.

ఇంత కోపానికి వాళ్లకి ఒక పెద్దదిక్కు కావాల్సి వచ్చింది. నువ్వు దొరికావు.

నాలుగేళ్ల కిందట ఈ సీరీస్ తీస్తున్నామని ప్రకటించిన వారం మనం పెట్టిన వీడియో గుర్తుందా? నువ్వు బెంటన్‌విల్ నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని ఇక్కడ ప్లేనోలో మా ఇంటికి వచ్చావు. మా గరాజ్‌లో వెనకాల దుప్పటి కట్టి, నువ్వు మాట్లాడితే నేను షూట్ చేశాను. మన ఛానల్ ఎప్పుడూ అంతే కదా, నోరు నీది, కత్తెర నాది. అందులో నువ్వు చేతులు జోడించి అన్నావు...

“తీయకుండ్రి. తీసినా చూడకుండ్రి. చూసినా నాకు చెప్పకుండ్రి.”

ఆ మూడు ముక్కలూ ఇప్పుడు టీషర్టుల మీద ఉన్నాయి. పక్కన నీ మొహం. ఎవరు అచ్చు వేయించారో, ఎవరిని అడిగి వేయించారో నాకు తెలియదు. ఆ అమ్మాయి ఫోటో ఎక్కడ కనపడినా కింద నీ క్లిప్ తెచ్చి పెడుతున్నారు. బతికుండగా ఒక్క మనిషిని పేరు పెట్టి తిట్టనివాడివి... పోయాక ఇదేం పని రా నీకు?

ఆ వీడియో కింద ఒకడు ఇలా రాశాడు. “అదృష్టవంతుడు, ఈ దరిద్రం చూడకుండానే పోయాడు.” దానికి వందల మంది లైకులు కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్లకి జిమ్‌లో గుండె ఆగి కుప్పకూలినవాడు అదృష్టవంతుడట. ఎందుకంటే ఒక సీరీస్ తప్పించుకున్నాడు! నేను స్టవ్ ఆపేసి అక్కడే కింద కూర్చుండిపోయాను. తిట్టాలని టైప్ చేశాను, చెరిపేశాను. ఏమని తిడతాను? వాడు నిన్ను మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు.

ఇక్కడి తెలుగు యానిమే గ్రూప్ నడిపే సందీప్ లేడూ, నువ్వు వచ్చినప్పుడల్లా బిర్యానీకి తీసుకెళ్లేవాడు... అతను ఫోన్ చేశాడు. శనివారం మధ్యాహ్నం వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అందరూ కలిసి మొదటి ఎపిసోడ్ చూస్తున్నారట, అది నీ జ్ఞాపకార్థమట, నేను తప్పకుండా రావాలట. నీ పేరు చెప్పాడు కాబట్టి వెళ్లాను. చీర కట్టుకుని మరీ వెళ్లాను, పిచ్చిదాన్ని.

టీవీ పక్కన టేబుల్ మీద నీ ఫోటో పెట్టారు. దండ వేశారు. ముందు బ్యాటరీ దీపం, ఎందుకంటే క్లబ్‌హౌస్‌లో నిప్పు వెలిగించకూడదు. అంతా బాగానే ఉంది. ఫోటో ఏది పెట్టారో తెలుసా? ఆ వీడియో నొక్కకముందు పైన కనపడే థంబ్‌నెయిల్! కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, వాంతి వస్తున్నట్టు మొహం పెట్టిన ఫోటో. దానికి బంతిపూల దండ. ఒరేయ్, దండ వేసిన ఫోటోలో అలాంటి మొహం నువ్వెక్కడైనా చూశావా?

ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత సమోసాలు పంచి ఎపిసోడ్ పెట్టారు. ఆ అమ్మాయి తెర మీదికి వచ్చినప్పుడల్లా ముప్పై మంది నీ యాసలో నీ మూడు ముక్కలూ కోరస్‌గా అరిచారు. నీ ఫోటో ముందే ఈలలు, వెక్కిరింపులు. అయిపోయాక నన్ను పిలిచి శాలువా కప్పారు. ఎందుకు కప్పినట్టు? తమ్ముడు పోయినందుకా, తమ్ముడు ఆ అమ్మాయిని ముందే తిట్టిపెట్టినందుకా? నేను దణ్ణం పెట్టి, ఆ శాలువాతోనే కారెక్కాను.

వాళ్ల మీద ఒళ్లు మండిపోయింది. నిజం చెప్తున్నాను, సందీప్ చెంప పగలగొట్టాలనిపించింది. కానీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చి నా ఒళ్లే చల్లబడింది. ఆ మొహం నీది కాదు కదా... నీ చేత నేను పెట్టించిన మొహం. పదిసార్లు పెట్టించాను. ఇంకా అసహ్యంగా పెట్టు, ఇంకా పెట్టు అని సతాయించాను. దవడలు నొప్పెడుతున్నాయని మొత్తుకున్నావు.

మర్నాడు పొద్దున్నే హార్డ్‌డిస్క్ తీశాను. ఆ రోజు మనం షూట్ చేసింది దాదాపు గంట. నేను పెట్టింది తొమ్మిది నిమిషాలు. నువ్వు పోయాక మొదటిసారి ఆ ఫైల్ తెరిచాను రా. ఆ మూడు ముక్కలూ అన్నాక నువ్వు నవ్వావు, సీసా ఎత్తి నీళ్లు తాగావు, కెమెరా వైపు కాకుండా నా వైపు చూశావు.

“కానీ అక్కా, నిజం చెప్పాల్నంటే నాకు చూడాల్ననే ఉన్నది. ఆ పిల్ల పడవ నిజం నీళ్ల మీద పోతే ఎట్లుంటదో... బొమ్మలు గీసేటోళ్లకు గాలి, నీళ్లు చేతుల ఉంటయి. వీళ్లకు ఉండయి కదా. అందుకే భయమైతున్నది, అంతే. బాగ తీస్తే నేనే ఫస్ట్ సారీ చెప్త, వీడియో పెడ్త. ఇది మాత్రం కట్ చేయకు.”

కట్ చేశాను.

ఎందుకో నీకు తెలుసు. తిట్టే వీడియోలే జనం చూస్తారు. భయపడే వీడియో, ఆశపడే వీడియో ఎవడు చూస్తాడు? అప్‌లోడ్ అయ్యాక నువ్వు చూసుకుని ఒక్క మాటే అన్నావు. “సగం నన్నే పెట్టినవ్ కదక్కా.” నవ్వుతూనే అన్నావు. మిగతాది ఇంకో వీడియోగా పెడదాంలే అన్నాను. పెట్టలేదు. నువ్వు మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదు రా? ఒక్కసారి గొడవ పెట్టుకోవాల్సింది...

సరే, చేసిన తప్పు దిద్దుకుందామని నేను కట్ చేసిన ఆ మూడు నిమిషాలూ, ఒక్క సెకను కూడా ముట్టుకోకుండా, మన ఛానల్‌లోనే పెట్టాను. ఇది ప్రణవ్ అన్న మిగతా మాట, తీసేసింది నేనే, తప్పు నాదే అని కింద రాశాను. ఆ అమ్మాయిని వదిలేయమని కూడా రాశాను.

గంటలో తేల్చేశారు. అది నువ్వు కాదట. ఏఐ అట. పెదాలకీ మాటకీ పొంతన లేదట, చెవి ఒకచోట మసగ్గా ఉందట. నిర్మాతల దగ్గర డబ్బు తిని, చచ్చిపోయిన తమ్ముడి గొంతు తయారు చేయించానట. సందీప్ కూడా గ్రూప్‌లో పెద్ద మెసేజ్ పెట్టాడు, అక్క ఇలా చేస్తుందనుకోలేదని. మొన్న శాలువా కప్పిన చేతులే! అన్నిటికన్నా నన్ను కోసేసింది ఎవరో చిన్న పిల్ల రాసిన ఒక్క లైను. “మా ప్రణవ్ అన్న ఇలా అనడు.”

మా ప్రణవ్ అన్నట! నిన్ను చంకనెత్తుకుని మోసినదాన్ని నేను. అంబులెన్స్ వాళ్లు ఫోన్ చేస్తే అవును, నా తమ్ముడే అని చెప్పినదాన్ని నేను. నీ గొంతు ఏదో, ఏది కాదో ఇప్పుడు వాళ్లు నాకు చెప్తున్నారు.

ఏడ్చాను, తిట్టుకున్నాను, చివరికి ఒప్పుకున్నాను. ఆ లైను రాసిన పిల్ల తప్పేముంది? ఆ సగం ప్రణవ్‌ని చెక్కి వాళ్ల చేతికిచ్చింది నేనే. నాలుగేళ్లు వాడినే చూశారు, వాడినే ప్రేమించారు. ఇప్పుడు నేను అసలువాడిని తెస్తే ఎందుకు నమ్ముతారు?

నిన్న రెండు వీడియోలూ తీసేశాను. తర్వాత ఛానల్ కూడా మూసేశాను. బయటి లోకంలో నీ నవ్వు వినిపించేది అక్కడొక్కచోటే కదా... అయినా నొక్కేశాను. ఆ టీషర్టులను నేను ఆపలేను. ఆ అమ్మాయికి మెయిల్ రాద్దామనుకున్నాను, అడ్రస్ దొరకలేదు. దొరికినా ఏమని రాస్తాను?

తర్వాత ఎనిమిది ఎపిసోడ్లూ ఒక్కదాన్నే కూర్చుని చూశాను. మచ్చ కుడివైపే ఉంది, నిజమే. కొన్నిచోట్ల విసుగొచ్చింది. మూడో ఎపిసోడ్‌లో ఆ అమ్మాయి పడవ నీళ్లలోకి తోసింది. నిజం నీళ్లు రా. తెడ్డు సరిగ్గా వేయడం రాక తడబడింది, మొహం మీద నీళ్లు పడితే తుడుచుకుంది. నాకు నచ్చింది. ప్రణవ్‌కి కూడా ఇది నచ్చేది అని నోటి దాకా వచ్చింది.

అక్కడ ఆగిపోయాను. నాకేం తెలుసు? నచ్చేదేమో. మొదటి ఎపిసోడ్‌కే రిమోట్ విసిరికొట్టేవాడివేమో. నాకు కావాల్సినట్టు నిన్ను కత్తిరించడం నాకు బాగా అలవాటైపోయింది.

ఒట్టేసి చెప్తున్నాను, ఇంకెప్పుడూ నీ తరఫున మాట్లాడను. ఎవరైనా అడిగితే, వాడు చూడాలనుకున్నాడు, చూడలేకపోయాడు అంటాను. అంతే.

అక్క