ఎడమచేత్తో తినే పాప

నాంపల్లి, 1942, బుధవారం రాత్రి

సాయంత్రం అబిడ్స్‌లో ప్రెస్సుకు వెళ్లి నా బొమ్మల పుస్తకం మొదటి అచ్చు చూశాను. అచ్చురాతి మీద గీసింది కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. అందుకే అక్షరాలన్నీ కళ్లు లాగేలా తిప్పి రాశాను. అన్నం తినే పాప దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయి, ముద్ద కుడిచేతికే ఇచ్చాను. అచ్చులో పాప హాయిగా ఎడమచేత్తో తింటోంది.

ప్రెస్సు కరీం సాబ్ తల పట్టుకున్నాడు.

"ఏంది టీచరమ్మా గిది? పిల్లలకు గిట్లా నేర్పిస్తరా? ఎవరు కొంటరు? రేపు పొద్దుగాల ఒక మాట చెప్పున్రి, రాయి సాఫ్ చేయిస్త. మల్ల గీయున్రి."

ఒళ్లు మండింది, కానీ తప్పు నాదే. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాను.

మా అమ్మాయి సరళ ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని అన్నానికి కూర్చుంది. ఆరేళ్లొచ్చినా దానికి ఎడమచెయ్యే ముందుకొస్తుంది. అది మాన్పించాలని రోజూ గరిటె కాడతో ఆ చేతి మీద కొడుతున్నాను. ఇవాళ కూడా, అది బొమ్మనే చూస్తూ ఎడమచేత్తో ముద్ద కలుపుతుంటే, అలవాటుగా గరిటె అందుకున్నాను.

"అమ్మా, గీ పాపను గూడ వాళ్లమ్మ కొడ్తదా?" అంది.

"కొట్టదు" అన్నాను. గరిటె గిన్నెలో పెట్టేశాను.

పొద్దున కరీం సాబ్‌కు జవాబు చెప్పాలి. పుస్తకం అమ్ముడుపోవాలంటే ఆ చెయ్యి మార్చక తప్పదు. మార్చిన పుస్తకం ఇంటికొచ్చాక, పాప చెయ్యి ఎట్లా మారింది, వాళ్లమ్మ కొట్టిందా అని సరళ అడిగితే...