హాజరు పట్టీలో పదిహేడో నంబరు

విద్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగో తరగతి హాజరు పట్టీ నుంచి పదిహేడో నంబరును కార్యాలయమే తొలగించాలని మనవి.

సెలవులో ఉన్న టీచరు బదులు సోమవారం నుంచి నాలుగో తరగతికి పాఠాలు చెప్పాలని నాకు ఉత్తర్వు అందింది. ఆ టీచరు నా చెల్లెలు. పదిహేడో నంబరు ఆమె కూతురు, నా మేనకోడలు. జ్వరంతో చనిపోయి రెండు నెలలైంది. పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు, మన్నించాలి.

1. నేను బడిలో కన్నా బైబిలు వాక్యం పట్టుకుని ఎక్కువ చదువుకున్నవాడిని. అయినా వారం రోజులుగా సిద్ధపడుతున్నాను. భిన్నాలు మళ్ళీ నేర్చుకున్నాను. తలుపు వెనక సుద్దతో అక్షరాలు దిద్దాను. "అవి పిల్లల చెవులండీ, మీ ప్రార్థన మీటింగు కాదు" అని మా ఆవిడ అంటే గొంతు కూడా తగ్గించుకున్నాను.

2. పట్టీలో పేరున్నంత కాలం రోజూ పిలవాలి. పలకకపోతే ఎర్ర సిరాతో గైర్హాజరు వేయాలి. నెల దాటితే ఇంటికి నోటీసు. పోయిన నెల నోటీసు కింద "తరగతి ఉపాధ్యాయురాలు" అన్న చోటా, "అందుకున్న తల్లి" అన్న చోటా నా చెల్లెలే సంతకం చేసింది. "కారణం" అన్న గడిలో ఏమీ రాయలేదు. మర్నాడే సెలవు పెట్టింది. గడి ఖాళీగా ఉందని నోటీసు తిరిగి వచ్చింది. సోమవారం రెండోది నా సంతకంతో నేనే తెచ్చి ఆమె చేతికివ్వాలట.

3. మీ గుమాస్తాగారిని అడిగాను. "తల్లి ఒక్క అర్జీ రాసిస్తే కొట్టేస్తామండీ, అయిదు నిమిషాల పని" అన్నారు. చెల్లెల్ని అడిగాను. "కన్నదాన్ని, నా చేత్తోనే కొట్టెయ్యమంటావా అన్నయ్యా?" అంది. అయ్యా, నియమాన్ని పట్టుకుని మనిషిని వదిలేసినవాళ్ళ మీద నా గ్రంథంలో పుటలకు పుటలు తీర్పు ఉంది. మీ ఆఫీసు గుమ్మంలో నిలబడి చదవగలను. బెదిరింపు అనుకోవద్దు, అనుకున్నా సరే.

4. నిన్న వంటింట్లో పేర్లు పిలవడం సాధన చేశాను. మృతులు లేస్తారని ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుని చెబుతున్నవాడిని, పదహారు తర్వాత పద్దెనిమిది చదివాను.

కావున తమరు దయతో చిత్తగించి, తల్లి సంతకం అడగకుండానే ఆ పేరును సోమవారంలోగా తొలగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
బదులు ఉపాధ్యాయుడు, నాలుగో తరగతి

తా.క.: ఇది చెల్లెలికి చదివి వినిపించాను. అంతా విని, "తీసేస్తే పద్దెనిమిదోవాడు పదిహేడవుతాడు కదా అన్నయ్యా. దాని నంబరుకి ఇంకెవరో పలుకుతారు" అంది.

పై మనవి రద్దు చేసుకుంటున్నాను. నోటీసు ఆపండి, చాలు. పేరు నేను పిలుస్తాను. పిలిచి, ఒక్క ఊపిరంత సేపు ఆగి, పద్దెనిమిదికి వెళ్తాను. బడివాళ్ళు ఇచ్చిన ఎర్ర పెన్ను ఈ అర్జీకి జతపరిచాను.