డైరీలో నీ సంతకం

శిరీషా,

నువ్వు వెళ్ళి ఎనిమిది నెలల పన్నెండు రోజులైంది. ‘మేము క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను’ అని ఉత్తరం మొదలుపెట్టాలని మాకు చిన్నప్పుడు బళ్ళో నేర్పారు. అందులో మొదటి సగం అబద్ధం. రెండో సగం... ఏమో, నువ్వే చెప్పాలి. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ముందు ఇంటి కబుర్లు. ఒంటిపూట బళ్ళు నడుస్తున్నాయి. పన్నెండున్నరకల్లా ఆటో పిల్లలిద్దర్నీ వీధి మొదట్లో దింపేసి పోతోంది. లాస్యకి రెండో క్లాసు అయిపోవస్తోంది. పైన రెండు పళ్ళు ఊడాయి. ఒకదాన్ని తీసుకెళ్ళి మన నర్సరీలో గులాబీ కుండీలో పాతిపెట్టింది. ఆ కుండీ కాస్తా లారీ ఎక్కి భువనేశ్వర్ పోయింది. రెండు రోజులు ఒకటే ఏడుపు. చిట్టికి నాలుగేళ్ళు నిండాయి. ఎల్కేజీలో నేర్చుకున్నది ఏమైనా ఉందంటే పక్కపిల్ల పెన్సిల్ కొరకడం.

మీ ఆయన బాగానే తింటున్నాడు. అంటే, కంచంలో పెట్టింది ఖాళీ చేస్తున్నాడు. ఒకరోజు కన్నతల్లినే అయ్యుండి కావాలనే పప్పులో ఉప్పు వెయ్యలేదు నేను. మారు మాట్లాడకుండా తినేసి, చెయ్యి కడుక్కుని నర్సరీకి పోయాడు. నీ దగ్గర ఇలా ఉండేవాడు కాదు కదా? చారులో ఇంగువ తక్కువైందని నీతో అరగంట వాదించిన మనిషి...

సరే. ఈ కబుర్ల కోసం కాదు కలం పట్టుకున్నది. నీకొకటి ఒప్పుకోవాలి.

పోయిన వారందాకా, ఎనిమిది నెలలు నీ సంతకం నేను పెట్టాను.

లాస్య స్కూలు డైరీలో రోజూ ఇంటివాళ్ళ సంతకం ఉండాలి కదా. నీ పెద్దకర్మ అయ్యాక పిల్లని మళ్ళీ బడికి పంపిన రోజు మీ ఆయన పెట్టాడు. అది చూసి లాస్య వేలు తడి చేసుకుని ఆ సంతకాన్ని రుద్దింది. కాగితం చిరిగేదాకా రుద్దింది. “అమ్మే పెట్టాలి” అంది. బయట ఆటో హారన్. పిల్ల గుమ్మం పట్టుకుని కదలదు. “అమ్మ పెడితేనే వెళ్తా.” మీ ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేనేం చెయ్యను?

ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తామే గీసుకొచ్చిన వాళ్ళని బల్ల మీద నిలబెట్టాను. చెయ్యి ఎక్కడ తడబడిందో వేలు పెట్టి మరీ చూపించేదాన్ని. అలాంటిదాన్ని, లాస్యని ముఖం కడుక్కు రమ్మని పంపి, డైరీ వెనక పేజీలు తిప్పాను. నీ సంతకం చూశాను. ఒకే గీతగా మొదలై, చివర తోక వెనక్కి తిరిగి పేరు కిందనుంచి పోతుంది. పాత క్యాలెండర్ వెనక నాలుగుసార్లు గీసి చూసుకుని డైరీలో పెట్టేశాను.

“ఇదిగో, పెట్టే ఉంది కదా” అన్నాను.

ఎవరు పెట్టారని అది అడగలేదు. ఒక్కసారి చూసి డైరీ సంచిలో పెట్టుకుంది. అంతే. అలా మొదలైంది.

ఆ సాయంత్రమే చిట్టికి చెప్పేసింది, మనం స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ వచ్చి సంతకం పెట్టి పోతోందని. మర్నాటి నుంచి చిట్టి డైరీ పక్కన సగం బిస్కెట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఉత్త చేతుల్తో పంపకూడదట. స్నానం నుంచి వచ్చేసరికి ఆ సగం ఉండకూడదు కదా? షుగరున్న మనిషిని, రోజూ ఒకరి సంతకం పెట్టి ఒకరి బిస్కెట్టు తిన్నాను.

లాస్య క్లాసు టీచరు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఓసారి గేటు దగ్గర కనబడి “మేడమ్, ఆ డైరీలో సంతకం అండి...” అని ఆగిపోయింది.

“పాస్ మార్కులు వస్తాయా?” అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ అయితే తప్పో ఒప్పో నా చేతిలో ఉందనుకున్నాను. తర్వాతే శిరీషా, ఆ చెయ్యి నా మాట వినడం మానేసింది.

ఒకరోజు కిరాణా చీటీ రాశాను. కందిపప్పు, చింతపండు, సబ్బులు. రాసి చూసుకుంటే... ఆ రాత నాది కాదు. నా అక్షరాలు నిటారుగా, నల్లబల్ల మీద రాసినట్టు ఉంటాయి. ఇవి గుండ్రంగా, కుడి పక్కకి ఒరిగి ఉన్నాయి. నీవి. సంతకం ఒక్కటే కదా నేర్చుకున్నాను, మిగతా అక్షరాలన్నీ నా చేతికి ఎవరిచ్చారు?

చీటీ చింపేశాను. ఎవరికీ చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళాక నర్సరీలో పెద్ద ఆర్డరు వచ్చింది. కుండీలకి కట్టే పేర్ల ట్యాగులు నువ్వే రాసేదానివి కదా. మనిషి లేక మీ ఆయన నన్ను కూర్చోబెట్టాడు. నూరువరహాలు, నందివర్ధనం, రాధామనోహరం అని మార్కర్‌తో రాసుకుంటూ పోతున్నాను. కుండీలు సర్దుతున్న పనిమనిషి మంగ ఒక ట్యాగు తీసుకుని చూసి, అక్కడే మట్టిలో చతికిలబడింది. దానికి చదువు రాదు. అయినా “ఇది చిన్నమ్మగారు రాసిందేనండి. పాతవి ఇంకా ఉన్నాయాండీ?” అంది.

మీ ఆయన వచ్చి ఆ ట్యాగు వంక చూశాడు. నా వంక చూశాడు. ట్యాగుని చొక్కా జేబులో వేసుకుని లారీ దగ్గరికి పోయాడు. ఆ మొక్క పేరు లేకుండానే వెళ్ళింది.

రాత సరే. మొన్నామధ్య గొంతు కూడా...

“లాస్యా, వాటర్ బాటిల్!” అని నువ్వు చివర సాగదీసి పిలిచేదానివి కదా. నేను దాన్ని రైలుకూత అని వెక్కిరించేదాన్ని. ఓ పొద్దున నా నోట్లోంచి అచ్చు అలాగే వచ్చింది. పెరట్లోంచి చిట్టి చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగకుండా పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నన్ను చూసి ఆగింది. ఏడవలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని కాస్త పక్కకి వంగి చూసింది. అంతే. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను శిరీషా. ఎందుకు చూశాను?

ఇదంతా నువ్వు చేస్తున్నావా? లేకపోతే పదేళ్ళు ఒకే వంటింట్లో నీలో తప్పులు పట్టి పట్టి, ఆ తప్పులన్నీ నాకే కంఠతా వచ్చాయా? నువ్వు ఉన్నప్పుడు అనేదానివి, “లెక్కకి జవాబు ఒకటే ఉంటుందేమో అత్తయ్యగారూ, ఇంట్లో అలా కుదరదండి” అని. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఒక్క జవాబు దొరికినా చాలనిపిస్తోంది.

అసలు సంగతికి వస్తాను. వారం కిందట, సంతకం పెడదామని డైరీ తెరిచాను. రిమార్కులు రాసే చోట పెన్సిలుతో లాస్య రాసి ఉంది.

‘అమ్మా, నానమ్మ తిట్టిందని వెళ్ళిపోయావా?’

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఆ గురువారం నీకు గుర్తుందా? ఏమడుగుతున్నాను... నీకు గుర్తుండకేం. ఏడున్నరైనా నువ్వు మంచం దిగలేదు. “కాస్త నీరసంగా ఉందండి” అన్నావు. నేనేమన్నాను? “నీరసాలు మాకూ ఉండేవి. ఇద్దర్ని కని, ఆరు పీరియడ్లు పాఠాలు చెప్పాం. లే, ఆటో వచ్చే వేళైంది.” నువ్వు లేచావు. ఇద్దరికీ జడలు వేశావు. డబ్బాలు కట్టావు. ఫ్రిజ్‌కి ఆనుకుని డైరీలో సంతకం పెట్టావు. నీ ముఖం వంక నేను చూడలేదు, గడియారం వంక చూశాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. రాజమండ్రి తీసుకెళ్ళాం. అయిదో రోజుకి నువ్వు లేవు.

ఒక్క పూట ముందు తీసుకొస్తే దక్కేదా అని డాక్టరు గారిని అడిగాను. “అలా చెప్పలేమండి” అన్నాడు. ఎనిమిది నెలలుగా ఆ ‘చెప్పలేం’తోనే కాపురం చేస్తున్నాను.

ఆ ప్రశ్న కింద సంతకం పెట్టలేకపోయాను. డైరీ మూసి సంచిలో పెట్టాను. ఆటో ఎక్కే ముందు లాస్య తీసి చూసుకుంది. “అమ్మ రాలేదా?” అంది. నేను చిట్టి బూటు లేసు కడుతున్నట్టు వంగిపోయాను.

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టుకున్నాను. నాన్చకుండా చెప్పేశాను.

“డైరీలో సంతకాలు నేను పెట్టాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

“అబద్ధం” అంది లాస్య. లేచి వెళ్ళి డైరీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. “చూపించు.”

వెనక్కి తిప్పుకుంటూ పోయాం. మార్చి, ఫిబ్రవరి, జనవరి... ఒక్కో సంతకం మీద వేలు పెడుతూ నాది, నాది, నాది అన్నాను. హాజరు పలికినట్టు. ఒక్కొక్క ‘నాది’కీ అది కాస్త దూరం జరిగింది. చిట్టి మాత్రం “మరి బిస్కెట్టు?” అంది. “అదీ నేనే” అన్నాను. “నాలుగు వేళ్ళతో తిన్నావా, రెండు వేళ్ళతోనా?” అంది. ఎందుకడిగిందో నాకు తెలియదు. రెండు వేళ్ళతో అని చెప్పాను.

సంతకం లేని పేజీలు వచ్చాయి, నువ్వు ఆసుపత్రిలో ఉన్న రోజులూ, తర్వాత ఇల్లంతా జనం ఉన్న రోజులూ. వాటి ముందు ఆ గురువారం పేజీ. దాన్ని ఎనిమిది నెలలుగా చూడకుండా దాటేస్తున్నాను.

సంతకం గీత మీద లేదు. కిందికి జారి, హోంవర్కు మీదుగా పోయింది. తోక వెనక్కి తిరగనేలేదు, మధ్యలో ఆగిపోయింది.

లాస్య దాని మీద వేలు పెట్టింది. “ఇదొక్కటే నువ్వు పెట్టావు. ఇది అమ్మది కాదు, వంకరగా ఉంది. అమ్మ ఇలా పెట్టదు.”

“వంకర” అంది చిట్టి కూడా.

చూశావా శిరీషా... నేను పెట్టినవన్నీ నీవి. నువ్వు పెట్టిన ఆఖరిది నాది. ‘ఊఁ, అది నాదే’ అంటే అయిపోయేది. ఆ గురువారమే లేకుండా పోయేది. పిల్ల తనంతట తానే తెచ్చి చేతిలో పెట్టింది. నోటిదాకా వచ్చింది కూడా. నీ దగ్గర దాచడమెందుకు.

“కాదమ్మా” అన్నాను. “అది అమ్మదే. జ్వరంతో పెట్టింది, అందుకే అలా పోయింది. పడుకుంటానంటే నేను పడుకోనివ్వలేదు. తిట్టి లేపాను.”

అది నా వంక చూడలేదు. చాప పోచ ఒకటి పీకి వేలికి చుట్టుకుంది. తర్వాత చిన్నగా అంది:

“జడ వేసేటప్పుడు అమ్మ చెయ్యి వేడిగా తగిలింది నానమ్మా. నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు.”

ఏడేళ్ళ పిల్ల. ఎనిమిది నెలలు. రోజూ సంతకం చూసుకుని ఎందుకు అంత జాగ్రత్తగా సంచిలో పెట్టుకునేదో నాకు అప్పుడు తెలిసింది. నువ్వు సంతకం పెడుతున్నావంటే దాని మీద కోపం లేదన్నమాట. నేను నా గొడవలో ఉండి, అది నన్ను తప్పుపడుతోందనుకున్నాను.

దగ్గరికి లాక్కోబోయాను. రాలేదు. అంత దూరంనుంచే చెప్పాను. “చెయ్యి వేడిగా ఉందని కనిపెట్టాల్సింది పెద్దవాళ్ళం. నేను ఇంట్లోనే ఉన్నాను. ముట్టుకుని చూడలేదు. అది నాది, నీది కాదు.” మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఎన్నోసారికో వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది.

“మరి అమ్మకి నీ మీద కోపమా?”

“తెలియదమ్మా” అన్నాను. ముప్పై రెండేళ్ళలో ఏ పిల్లకీ ఆ మాట చెప్పలేదు నేను.

మర్నాటి నుంచి నా పేరే పెడుతున్నాను. లాస్య చూసి “నీ సంతకం అస్సలు బాలేదు” అంది. అయినా రుద్దలేదు. చిట్టి బిస్కెట్టు పూర్తిగా తనే తింటోంది. పొద్దున పూట జడలు వేసేది నేనే. వేసే ముందు ఇద్దరి నుదుళ్ళూ ముట్టుకుంటున్నాను. లాస్య లేచి నా నుదురూ ముట్టుకుని చూస్తోంది. ఎవరూ నేర్పలేదు.

కిరాణా చీటీలు ఇంకా నీ రాతలోనే వస్తున్నాయి. ఈ ఉత్తరంలో కూడా అక్కడక్కడా ఒరుగుతోంది, చూస్తూనే ఉన్నావుగా. నేను ఆపలేను. ఉండదలిస్తే ఉండు.

ఒక్కటి మాత్రం. లాస్య రాసిన ప్రశ్న ఆ పేజీలో అలాగే ఉంది. దాని కింద రెండు గీతల జాగా ఉంది. ‘లేదు, కోపం లేదు’ అని నీ రాతలో రాయడం నాకు నిమిషం పని. ఎవరూ పట్టుకోలేరు. కొన్నాళ్ళకి నేనూ నమ్ముతాను.

రాయను. మాట ఇస్తున్నాను. ఆ జాగా నీది.

నీ అత్తయ్య,
సుభద్ర